మొదటి కాన్పు ఆపరేషన్, రెండోదానికి ముహూర్తం పెట్టారు

ఈ ఉత్తరం మిర్యాలగూడ దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చింది. రాసిన అమ్మాయికి 25 ఏళ్లు. భర్త రైస్ మిల్లులో పనిచేస్తాడు. వచ్చే నెల మూడేళ్లు నిండే కూతురు ఉంది. ఇప్పుడు మళ్లీ గర్భవతి, 34 వారాలు నిండాయి. ఆమె గుర్తులు తెలియకుండా, నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాను.

మొదటి కాన్పుకు ఆమె పుట్టింటికి వెళ్లింది. 38 వారాల 3 రోజులకు స్కానింగ్ చేసి, ఉమ్మనీరు తగ్గిందని, బొడ్డుతాడు బిడ్డ మెడకు చుట్టుకుందని చెప్పారు. అప్పటికి నొప్పులు లేవు. అదే రోజు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చుకుని, నొప్పులు రావడానికి మందు పెట్టి, ఆ తర్వాత సెలైన్‌లోనూ మందు ఎక్కించారు. తొమ్మిది గంటలు గడిచాక గర్భాశయ ముఖద్వారం మూడు సెంటీమీటర్లే తెరుచుకుందని, ఇంకా ఆగితే బిడ్డకు ప్రమాదమని చెప్పి, ఆమె తండ్రి చేత సంతకం పెట్టించుకుని ఆపరేషన్ చేశారు. పాప 2.7 కిలోల బరువుతో పుట్టింది, పుట్టగానే గట్టిగా ఏడ్చింది. ‘ప్రమాదమన్నారు కదా, మరి పాప అంత బాగా ఎలా ఏడ్చింది? నన్ను అనవసరంగా కోశారా?’ అన్న అనుమానం అప్పటి నుంచి ఆమెను వదల్లేదు.

ఈసారి నొప్పులు పడి కనాలని ఆమె కోరిక. పట్నంలో చూపించుకుంటున్న డాక్టరమ్మ మాత్రం మొదటిది ఆపరేషన్ అయితే రెండోదీ ఆపరేషనే అని ఒక్క మాటలో తేల్చేశారు. ఊళ్లోకి వచ్చే ఏఎన్ఎం, నల్లగొండ పెద్దాసుపత్రిలో అడిగి చూడమంది. ఈలోగా అత్తగారు పురోహితుడి దగ్గరికి వెళ్లి ముహూర్తం పెట్టించుకొచ్చారు. ఆ రోజుకు 37 వారాల 2 రోజులు అవుతాయి. వేళ తెల్లవారుజామున 4 గంటల 50 నిమిషాలు. ఆసుపత్రివాళ్లు సరేనన్నారు. ఎలాగూ కోస్తారు కాబట్టి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా అప్పుడే చేయించేద్దామని ఇంట్లో అనుకున్నారు. మొదటి కాన్పు తర్వాత ‘మా కోడలు కనలేదు, డాక్టరు తీసింది’ అని చుట్టాలందరితో అన్నది కూడా ఈ అత్తగారే. తాను ఐదుగురిని మంత్రసాని చేతుల మీదుగా ఇంట్లోనే కన్నానని, ముగ్గురు దక్కారని ఆమె తరచూ చెబుతుంటారట. భర్తేమో ‘అమ్మ మాట, డాక్టరు మాట ఒకటే అయినప్పుడు నీకెందుకు పంతం’ అన్నాడు.

‘నేను పంతం పడుతున్నానా? నొప్పులు పడి కనాలనుకోవడం తప్పా? నా మాట నెగ్గించుకున్నాక బిడ్డకు ఏమైనా అయితే బతికినన్నాళ్లూ నన్నే అంటారు. మీ కూతురి వయసుదాన్ని, కూతురికి చెప్పినట్టు చెప్పండి’ అని ముగించింది.

*

అమ్మా, కూతురికి చెప్పినట్టు చెప్పమన్నావు కాబట్టి నువ్వు అనే పిలుస్తాను. ముప్పై ఏళ్లు కాన్పుల గదిలో నర్సుగా పనిచేశాను. డాక్టరును కాను, నిన్ను చూడలేదు, నీ స్కానింగులు నా ముందు లేవు. అందుకే ఇది చెయ్యి, అది మానెయ్యి అని చెప్పను. నీ ముందున్న దారులేమిటో, ఏ దారిలో ఏముందో నాకు తెలిసినంత చెబుతాను.

ముందు నీ పాత అనుమానం. దాన్ని తేల్చుకోకుండా ముందుకు వెళ్లలేవు, ఎందుకంటే రెండో కాన్పు ఎలా జరగవచ్చన్నది మొదటి ఆపరేషన్ ఎందుకు జరిగిందన్న దాని మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది.

బొడ్డుతాడు మెడకు చుట్టుకోవడం అంటే ఇళ్లలో అందరికీ గుండె జారిపోతుంది. నిజానికి ప్రతి నలుగురైదుగురు బిడ్డల్లో ఒకరికి పుట్టేటప్పుడు మెడ చుట్టూ తాడు ఉంటుంది. తల బయటికి రాగానే దాన్ని వేలితో తప్పించి, మిగతా బిడ్డను మామూలుగా పట్టుకున్న కాన్పులు నేను లెక్కపెట్టలేనన్ని చూశాను. ఆ ఒక్క కారణంతోనే కోయాల్సిన పని లేదు. ఉమ్మనీరు సంగతి వేరు. అది నిజంగా బాగా తగ్గితే నొప్పులు తెప్పించాలనుకోవడం సబబే. కానీ ముఖద్వారం ఇంకా మెత్తబడని గర్భవతికి, అందులోనూ తొలిచూలుకు, మందుతో నొప్పులు తెప్పిస్తే ఒక పగలూ ఒక రాత్రీ పట్టడం మామూలు. చురుకైన నొప్పుల దశ 5 సెంటీమీటర్ల దగ్గరే మొదలవుతుందని, అంతకు ముందు నెమ్మదిగా సాగడం జబ్బు కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో స్పష్టంగా చెప్పింది. ఆ లెక్కన తొమ్మిది గంటలకు మూడు సెంటీమీటర్లంటే కాన్పు ఆగిపోయినట్టు కాదు, ఇంకా సరిగా మొదలే కాలేదు.

అయితే తొందరపడి ఒక మాట అనుకోవద్దు. ఆ సమయంలో బిడ్డ గుండె చప్పుడు పడిపోతూ ఉంటే, వాళ్లు చేసింది ముమ్మాటికీ సరైన పని. పాప గట్టిగా ఏడ్చిందంటే ఆపరేషన్ అనవసరమని అర్థం కాదు, సమయానికి జరిగిందని కూడా అర్థం కావచ్చు. ఈ రెండింటిలో ఏది నిజమో నేను చెప్పలేను, నీ అనుమానమూ చెప్పలేదు. చెప్పగలిగింది ఒక్క కాగితమే.

డిశ్చార్జి చీటీ ఎక్కడో పోయిందని రాశావు. పోతే పోయింది, ఆసుపత్రిలో కేసు షీటు ఉంటుంది. రోగి గానీ ఇంటివాళ్లు గానీ రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలని వైద్యుల వృత్తి నియమావళి 2002 నుంచీ చెబుతోంది. ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డులను కనీసం మూడేళ్లు భద్రపరచాలని కూడా అందులోనే ఉంది. మూడేళ్లు! నీ పాపకు వచ్చే నెలే మూడేళ్లు నిండుతాయి. అందుకే ఈ వారమే మీ నాన్నను పంపించు. గొడవకు వద్దు, నిందకు వద్దు. ‘మళ్లీ కాన్పు ఉంది, పాత వివరాలు కావాలి’ అని ఒక తెల్లకాగితం మీద రాసి ఇస్తే చాలు, దాని నకలు మీద ముద్ర వేయించుకుని రమ్మను. ఆ షీటులో మూడు సంగతులు చూడాలి. ఆపరేషన్‌కు ఏ కారణం రాశారు? గర్భాశయం మీద కోత అడ్డంగా కింది భాగంలో పెట్టారా, నిలువుగా పెట్టారా? కోత పక్కకు చీలడం గానీ తర్వాత జ్వరం, చీము గానీ ఉన్నాయా? పొట్ట మీద కనిపించే మచ్చను బట్టి లోపలి కోత ఎలా ఉందో తెలియదు. లోపల నిలువు కోత ఉంటే మాత్రం నొప్పులు పడే ఆలోచన అక్కడితో మానుకోవాలి.

ఇక ఆ ఎత్తిపొడుపు. ‘కనలేదు, తీశారు.’ నీ ఉత్తరమంతా ఈ మాట చుట్టూనే తిరిగింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తం మీద 21.5. మన రాష్ట్రంలో ప్రైవేటు ఆసుపత్రుల వరకే చూస్తే 81.5, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5. అంటే నీ ఈడు తల్లుల్లో సగానికి పైగా నీలాంటివాళ్లే. ఇంతమంది ఆడపిల్లలకు ఉన్నట్టుండి కనే శక్తి పోయిందా? పోలేదు. ఒక్క డాక్టరమ్మే ఉండి, మత్తు డాక్టరు ఇంకెక్కడి నుంచో రావాల్సిన చిన్న ఆసుపత్రిలో పద్నాలుగు గంటలు కాచుకుని కూర్చునే వీలుండదు. బిడ్డకు ఏదైనా అయితే అద్దాలు పగులుతాయన్న భయం డాక్టర్లలో ఉంది. ఆపరేషన్‌కు వచ్చే డబ్బు ఎక్కువ, ఇది దాచాల్సిన విషయం కాదు. నొప్పులకు భయపడి కోయమని కాళ్లు పట్టుకునే కుటుంబాలనూ చూశాను, ముహూర్తం చీటీ తెచ్చి చేతిలో పెట్టేవాళ్లనూ చూశాను. మొదటిసారి కోసినవాళ్లను రెండోసారి కోయడం వల్ల ఆ అంకె మరింత పెరుగుతుంది. వీటిలో ఏ ఒక్కటీ నీ తప్పు కాదు. ఏడు పొరలు కోయించుకుని, మూడో రోజుకు లేచి నడిచి పాలిచ్చిన తల్లిని ‘కనలేదు’ అనడం అన్యాయం. ఆ మాట నాకు కోపం తెప్పించింది.

కానీ ఒక్కటి అడుగుతాను, రాత్రి ఒంటరిగా ఉన్నప్పుడు ఆలోచించుకో. ఈసారి నొప్పులు పడాలనుకోవడం నీ ఒంటి కోసమా, అత్తగారికి జవాబు చెప్పడం కోసమా? త్వరగా కోలుకోవాలనీ, చంటిబిడ్డతో పాటు పెద్దదాన్నీ ఎత్తుకోవాలనీ, ఇంకో కోత వద్దనీ అనుకుంటే అవన్నీ మంచి కారణాలు. జవాబు చెప్పడానికే అయితే, ప్రయత్నం మధ్యలో మళ్లీ ఆపరేషన్ కావాల్సి వచ్చిన రోజున నువ్వు ఓడిపోయినట్టు కుంగిపోతావు. ఆ అవకాశం తక్కువేమీ కాదు. లోపల అడ్డకోత ఒక్కటే ఉన్నవాళ్లలో, సరైన చోట ప్రయత్నించినప్పుడు, నూటికి 60 నుంచి 80 మందికి మామూలు కాన్పు అవుతుంది. మిగిలినవాళ్లకు మళ్లీ ఆపరేషనే.

ముహూర్తం గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది, దాచుకోను. 37 వారాల 2 రోజులకు, వైద్య కారణమేదీ లేకుండా, నొప్పులు మొదలవకుండా బిడ్డను బయటికి తీయవద్దు. చివరి రెండు మూడు వారాల్లోనే ఊపిరితిత్తులు గాలి పీల్చుకోవడానికి పూర్తిగా సిద్ధమవుతాయి. డెన్మార్క్‌లో 34 వేలకు పైగా కాన్పులను పరిశీలించి 2008లో వెలువరించిన లెక్క ఒకటుంది. ముందే నిర్ణయించుకున్న సిజేరియన్‌తో 37వ వారంలో పుట్టిన పిల్లల్లో నూటికి 10 మందికి శ్వాస ఇబ్బంది వచ్చింది, 39వ వారంలో పుట్టినవాళ్లలో ఇద్దరికి. ఆ పదిమందిలో చాలామంది కోలుకుంటారు, నిజమే. కానీ తల్లి ఒక గదిలో కుట్ల నొప్పితో, బిడ్డ గాజు పెట్టెలో ఇంకోచోట, పాలు పట్టలేక తల్లి ఏడుపు! ఆ నాలుగైదు రోజులు ఎలా ఉంటాయో నేను చాలా ఇళ్లలో చూశాను. పైగా తెల్లవారుజామున అయిదింటికి పిల్లల డాక్టరు అక్కడ ఉంటారా, మత్తు డాక్టరు ఎన్ని గంటల నిద్ర తర్వాత వస్తున్నారు, రక్తం కావాలంటే ఆ వేళ ఎవరు తెస్తారు? అడిగారా?

అయినా అత్తగారిని ఎదిరించమని చెప్పను. ఐదుగురిని కంటే ముగ్గురు దక్కిన మనిషి ఆమె. ఇద్దరు పసివాళ్లను మట్టిలో పెట్టిన తల్లికి, మంచి ఘడియలో పుడితే మనవడో మనవరాలో నిలుస్తారన్న ఆశ ఉంటుంది. నిన్ను నొప్పించిన ఆ మాట కూడా, తాను పడిన బాధకు విలువ కట్టమని అడగడమేమో. ఒకరోజు పక్కన కూర్చుని ఆ ఇద్దరు బిడ్డల గురించి అడుగు. ఎవరూ అడిగి ఉండరు. తర్వాత చెప్పు, ‘అత్తమ్మా, నెలలు పూర్తిగా నిండితేనే బిడ్డకు ఊపిరి బాగుంటుందట. ఆపరేషనే అయితే 39 వారాలు నిండాక, పగటివేళ మంచి రోజు చూపించండి.’ పురోహితుడికి ఆ వారంలోనూ ఒక మంచి ఘడియ దొరుకుతుంది.

ఇప్పుడు నీ ముందున్న దారులు.

39 వారాలు నిండాక, ముందే అనుకున్న రోజున మళ్లీ ఆపరేషన్ చేయించుకోవడం ఒకటి. ఇది సిగ్గుపడాల్సిన దారి కాదు. పాత కుట్టు విడిపోయే భయం దాదాపు ఉండదు, ఇంట్లో అందరూ సిద్ధంగా ఉంటారు, హడావిడి ఉండదు. దీనికి నువ్వు చెల్లించేది కోలుకునే వారాలు, కుట్ల దగ్గర చీము పట్టే అవకాశం, లోపల పేగులు, మూత్రాశయం అతుక్కునే అవకాశం. ఆపై మళ్లీ గర్భం వస్తే మాయ పాత మచ్చకు అంటుకుపోయి విపరీతంగా రక్తం పోయే ప్రమాదం ప్రతి కోతతోనూ పెరుగుతుంది. నీకు ఇద్దరు చాలనుకుంటే ఈ చివరిది నిన్ను పెద్దగా బాధించదు.

నొప్పులు వాటంతటవే వచ్చే వరకు ఆగి, మామూలు కాన్పుకు ప్రయత్నించడం రెండోది. నీకు అనుకూలమైనవి కొన్ని ఉన్నాయి. కాన్పుల మధ్య మూడేళ్ల ఎడం ఉంది, బిడ్డ తల కిందికే ఉందని, మాయ పైన ఉందని నువ్వు రాసిన స్కానింగులో ఉంది. భయమల్లా పాత కుట్టు విడిపోవడం. రెండు వందల మందిలో ఒకరికి అలా జరుగుతుంది. చిన్న అంకెలా కనిపిస్తుంది కానీ జరిగిందంటే నిమిషాల్లో పొట్ట తెరవాలి. అందుకే ఈ ప్రయత్నం ఊళ్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేసేది కాదు, మత్తు డాక్టరును ఫోను చేసి పిలిపించుకునే చిన్న ఆసుపత్రిలోనూ కాదు. రాత్రీపగలూ ఆపరేషన్ థియేటరు, మత్తు డాక్టరు, రక్తం, పిల్లల డాక్టరు ఉండి, బిడ్డ గుండె చప్పుడును వదలకుండా గమనించే చోట మాత్రమే. మీ డాక్టరమ్మ వద్దన్నది బహుశా తన దగ్గర ఇవన్నీ లేవని కావచ్చు. అలాగైతే ఆమె నిజాయితీగానే చెప్పారు, కారణం మాత్రం చెప్పలేదు. ‘మీ దగ్గర వీలు కాదా, లేక నాకే పనికిరాదా’ అని మర్యాదగా అడుగు. ఆ రెండూ వేరు వేరు జవాబులు.

నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రి 2019లో మొదలైన వైద్య కళాశాలకు అనుబంధం. అక్కడి గైనిక్ ఓపీకి ఈ వారంలోనే వెళ్లి, నీలాంటివాళ్లకు ఈ ప్రయత్నం చేయిస్తారా, రాత్రివేళ పెద్ద డాక్టర్లు ఉంటారా అని నేరుగా అడుగు. పెద్దాసుపత్రిలో రద్దీ ఉంటుంది, మంచం కోసం ఎదురుచూడాలి, కసురుకునేవాళ్లూ ఉండవచ్చు. అదీ లెక్కలో వేసుకో.

మూడోది ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. నా మొగ్గు దీనివైపే. కేసు షీటులో అడ్డం ఏదీ కనబడకపోతే, 40 వారాలు నిండే వరకు నొప్పుల కోసం ఆగడం, వస్తే ప్రయత్నించడం, రాకపోతే ఆ రోజుకే ఆపరేషన్ తేదీ ముందుగా రాయించుకోవడం. బలవంతంగా నొప్పులు తెప్పించుకోవడం మాత్రం ఈసారి ఆషామాషీ వ్యవహారం కాదు. మందులతో తెప్పిస్తే కుట్టు విడిపోయే ప్రమాదం రెండు మూడు రెట్లవుతుంది. మిసోప్రోస్టాల్ మాత్రను మచ్చ ఉన్న గర్భాశయానికి నెలలు నిండాక వాడకూడదు. ఎవరైనా మాత్ర పెడతామంటే అదేమిటో పేరు అడుగు.

నొప్పులు పడేటప్పుడు తోడుగా ఒక ఆడమనిషిని లోపల ఉండనివ్వాలని ప్రభుత్వ నియమాలే చెబుతున్నాయి, మీ అమ్మనో వదిననో ముందే చెప్పి పెట్టుకో. తొలి దశలో నడవవచ్చు. కింద కత్తిరించడం అందరికీ అలవాటుగా చేయాల్సింది కాదు. పొట్ట మీద ఎక్కి నొక్కడం ఎవరికీ మంచిది కాదు, పాత కుట్టు ఉన్న నీకు అసలే వద్దు. ఎవరైనా మోచేయి ఆనించబోతే, నీ తోడు వచ్చినవాళ్లు ‘పాత ఆపరేషన్ ఉంది’ అని గట్టిగా చెప్పాలి.

దూరం ఇంకో సంగతి. మీ ఊరి నుంచి నల్లగొండకు గంట పైన పడుతుంది. నల్లగొండలో పెద్దమ్మ ఇల్లు ఉందన్నావు కదా, 37 వారాలు నిండగానే అక్కడికి వెళ్లిపో. నొప్పికి నొప్పికి మధ్య కూడా పొట్ట తగ్గకుండా నొస్తున్నా, పాత కుట్టు దగ్గర మంట పుట్టినా, రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినా ఎవరి అనుమతికీ ఆగవద్దు, 108కి ఫోను చెయ్యి. హిమోగ్లోబిన్ 9.2 అని రాశావు. ఏ దారిలో వెళ్లినా అది తక్కువే. ఐరన్ మాత్రలు వికారమని మానేశానన్నావు, మళ్లీ మొదలుపెట్టు, పడకపోతే ఇంజెక్షన్ గురించి డాక్టరును అడుగు. రక్తం ఇవ్వగల ఇద్దరి పేర్లు, ఫోను నంబర్లు కాగితం మీద రాసి సంచిలో పెట్టుకో.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌ను ఈ లెక్కల్లో కలపవద్దు. ‘ఎలాగూ కోస్తారు కదా’ అన్నది పిల్లలు ఇక వద్దనుకోవడానికి కారణం కాదు. ఇద్దరూ అనుకుంటే మామూలు కాన్పు తర్వాత వారం లోపల చిన్న కోతతో అది చేస్తారు, మగవాళ్లకు చేసేది ఇంకా తేలిక. ఆ మాట కూడా మీ ఆయనతో అను.

మీ ఆయన ‘పంతం’ అన్నది భయంతో అన్న మాట అనుకుంటున్నాను. మొదటిసారి సంతకం మీ నాన్న పెట్టారు, ఈసారి తాను పెట్టాలి. నల్లగొండకు నీతో పాటు ఓపీకి రమ్మను. గది బయట నిలబడకుండా లోపలికి వచ్చి, కుట్టు విడిపోవడం గురించి, 37 వారాల బిడ్డ ఊపిరి గురించి డాక్టరు నోటి నుంచే వినమను. బిడ్డకు ఏమైనా అయితే నిన్నే అంటారన్న నీ భయం సగం తగ్గేది అక్కడే. విన్నది ఇద్దరూ, ఒప్పుకున్నది ఇద్దరూ అయితే ఆ భారం నీ ఒక్కదాని మీద ఉండదు. ఏం నిర్ణయించారో డాక్టరు చేత ఓపీ చీటీలో రాయించుకోండి, రాత్రి డ్యూటీలో వేరే డాక్టరున్నా అది చదివి అర్థం చేసుకుంటారు.

మిల్లుకు సెలవు దొరికే రోజు చూసుకుని ఓపీకి వెళ్లండి. దానికి ముందే కేసు షీటు చేతికొచ్చేలా మీ నాన్నకు ఈ రోజే ఫోను చెయ్యి. ఆసుపత్రివాళ్లు లేదంటే, లేదనే మాటనే రాసి ఇమ్మని అడగమను. షీటు దొరికాక అందులో ఏముందో నాకు రాయి. అర్థం కాని చేతిరాత ఉంటే ఉన్నది ఉన్నట్టు దించి పంపు. ముప్పై ఏళ్లు ఆ రాతలే చదివాను.